పసుపు అంటిన జింక పుర్రె

ఆత్మలు కనిపించాయని రాసే అనుభవాలు చదివినప్పుడల్లా నాకు విసుగు వచ్చేది. రాసినవాళ్ళంతా మొదటి వాక్యంలోనే తమకు నమ్మకం లేదంటారు, చివరికి వచ్చేసరికి మనల్ని నమ్మించాలని చూస్తారు. నేనూ నమ్మను. ఇది రాస్తున్న ఈ రోజుకీ నమ్మను. ఎవరినీ నమ్మించాలనీ లేదు. మా స్నేహితులు కొందరు ఈ సంగతిని తమకు తోచినట్టు చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఒకచోట పెట్టాలని రాస్తున్నాను.

మేము వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో ఉంటాం. మేము అనడం అలవాటు, ఇప్పుడు నేనొక్కడినే. నా భార్య నీరజ ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం, ఆఫీస్ పార్కింగ్‌లో కారు దిగుతూ పడిపోయింది. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆ లోపం పుట్టుకతోనే ఉండి ఉంటుందని, ముందుగా తెలిసే దారి లేదని డాక్టర్ చెప్పారు. ఆమెకు నలభై ఒకటి. మాకు పిల్లలు లేరు.

నీరజది వరంగల్. ఇక్కడ ఒక డేటా సెంటర్‌లో పని చేసేది. ఆమె టీమ్‌లో ఒకాయన ఏటా నవంబర్‌లో జింకల వేటకు వెళ్ళేవాడు. ఈమెకూ వెళ్ళాలనిపించింది. నాకు నచ్చలేదు. "తినేటప్పుడు లేని బాధ చంపేటప్పుడే ఎందుకు? ఒక్కసారన్న నా చేతితోని చేసి చూస్త" అంది. క్లాస్‌కి వెళ్ళి, పరీక్ష రాసి, లైసెన్స్ తీసుకుంది. రెండేళ్ళు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మూడో ఏడు ఒక మగ జింకను కొట్టింది. కొమ్ములకు ఎనిమిది కొనలు.

కొట్టింది డెనిస్ అనే ఆయన పొలంలో. ఆయనకు ఎనభై దాటాయి. లీస్‌బర్గ్ అవతల పొలం, వెనక కొంచెం అడవి. ఆ జింకను ఆయన మూడేళ్ళుగా వంటింటి కిటికీలోంచి చూస్తున్నాడు. తుపాకీ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని తాను కొట్టలేదు. పొలం అమ్మేశాడు. అక్కడ కూడా డేటా సెంటరే వస్తుంది. మే నెలాఖరుకు ఖాళీ చేసి కరోలినాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోవాలి. చెట్లు కొట్టేశాక ఆ జింక ఏదో ట్రక్కు కింద పడి చావడం కంటే ఇదే నయం అన్నాడట. ఒక్కటే అడిగాడు. తోలు, దూది పెట్టి కుట్టిన తల వద్దు. పుర్రె, కొమ్ములు శుభ్రం చేసి ఇస్తే తనతో తీసుకెళ్తానన్నాడు. నీరజ సరేనని మాటిచ్చింది.

మాంసం మా స్నేహితులకు పంచింది. రెండు శనివారాలు మా ఇంట్లోనే వండాం. ఇగురు, వేపుడు, ఒకసారి బిర్యానీ. తిన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు, డబ్బాల్లో పెట్టించుకుని తీసుకెళ్ళారు. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

పుర్రె శుభ్రం చేయడం నెలల పని అని నాకు అప్పటిదాకా తెలియదు. ఉడకబెడితే త్వరగా అవుతుంది, కానీ ఎముకలోని కొవ్వు లోపలే ఉండిపోయి తర్వాత పచ్చబడుతుంది. బ్లీచ్ వాడితే ఎముక పిండిలా రాలుతుంది. కాబట్టి నీరజ ఓపికైన పద్ధతి పట్టుకుంది. వీలైనంత మాంసం కత్తితో గీకేసి, పుర్రెను గరాజ్‌లో బకెట్ నీళ్ళలో ముంచింది, కొమ్ములు మాత్రం నీళ్ళకు పైన ఉండేలా. చేపల తొట్టిలో పెట్టే హీటర్ ఒకటి అందులో వేసింది. గోరువెచ్చని నీళ్ళలో మిగిలిన మాంసం దానంతటదే కుళ్ళి ఊడిపోతుంది. ఆ తర్వాత గిన్నెలు కడిగే సబ్బు కలిపిన నీళ్ళలో కొవ్వు దిగేదాకా నానబెట్టాలి. నీళ్ళు మసకబారినప్పుడల్లా మార్చాలి. ఆఖరున తెల్లబరచడం. అదంతా ఒక నోట్‌బుక్‌లో రాసుకుంది.

వాసన గురించి చెప్పక్కర్లేదు. ఇక్కడి ఇళ్ళలో గరాజ్‌లోంచే లోపలికి నడుస్తాం, చెప్పులు అక్కడే విడుస్తాం. డిసెంబర్, జనవరి అంతా ఇంటికి రావాలంటే నాకు చిరాకు. ఇద్దరం సరిగా మాట్లాడుకోని రోజులు ఎక్కువయ్యాయి. ఆ మంగళవారం ఉదయం కూడా నేను అన్నది ఇదే.

"ఆ బకెట్ ఇవాళ తీసెయ్. లేకపోతే నేనే పారేస్తా."

"పారేసి చూడు" అంది షూ లేసులు కట్టుకుంటూ. "మే వరకు అయిపోతది. ముసలాయనకు మాటిచ్చిన."

నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆమె వెళ్ళిపోయింది.

కర్మకాండలన్నీ అయ్యి వచ్చిన బంధువులు వెళ్ళాక, మార్చిలో గరాజ్‌లోకి వెళ్తే హీటర్ ఇంకా పని చేస్తూనే ఉంది. నీళ్ళు ముదురు పసుపుగా చిక్కబడ్డాయి. అప్పటికే మా వాళ్ళలో ఒక మాట తిరుగుతోంది. జింక ఉసురు తగిలిందట. నోరులేని జీవాన్ని చంపి, దాని తల ఇంట్లో పెట్టుకుంటే ఏమవుతుంది మరి, అనుకున్నారట. నవంబర్‌లో ఆ జింక కూర రెండోసారి వడ్డించుకున్నవాళ్ళే మార్చిలో ఈ మాట అన్నారు. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించినా తల ఊపి ఊరుకున్నారు. నీరజ చచ్చిపోవడానికి ఆమే కారణమన్నట్టు. నాకు అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు.

డెనిస్ ఒకసారి ఫోన్ చేసి మెసేజ్ పెట్టాడు. జింక సంగతి మనసులో పెట్టుకోవద్దని, అదేమీ ముఖ్యం కాదని చెప్పాడు. ఆ మెసేజ్ విన్నాక బకెట్ ముందు కూర్చుని నీళ్ళు మార్చాను. ప్రేమతో మార్చానని చెప్పలేను. వాళ్ళందరి నోళ్ళు మూయించాలని మార్చాను. మాట ఇచ్చింది నీరజ, ఆ మాట ఆమె ఖాతాలో తప్పిపోకూడదు. మే ఆఖరి శనివారం డెనిస్ ట్రక్కు బయల్దేరుతుంది. అప్పటికి ఇది తెల్లగా ఆయన చేతిలో ఉండాలి.

ఆరు వారాలు నోట్‌బుక్ చూసుకుంటూ అలాగే చేశాను. ఏప్రిల్ మధ్యకు నీళ్ళు తేటగా ఉండసాగాయి. పుర్రెను తీసి, పాత తువ్వాలు మీద గరాజ్‌లో ఆరబెట్టాను. ముక్కు మీది రెండు సన్నని ఎముకలు ఊడి వచ్చాయి. వాటిని ఆఖరున అతికించాలని నోట్‌బుక్‌లో ఉంది, ఒక చిన్న డబ్బాలో వేశాను. తెల్లబరచడానికి పెరాక్సైడ్ క్రీమ్ కావాలి, జుట్టుకు రంగు వేసేటప్పుడు వాడేది. సెలూన్ సామాన్ల షాపులో పెద్ద డబ్బా కొని తెచ్చి అలమరలో పెట్టాను. కొమ్ములకు అది తగలకూడదు, తగిలితే వాటి రంగు పోతుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఫణి, వాళ్ళమ్మగారు వచ్చారు. ఫణి నాకు ఇక్కడ అందరికంటే దగ్గరి స్నేహితుడు. వాళ్ళమ్మగారు అక్టోబర్‌లో ఇండియా నుంచి వచ్చారు, ఇంకో పది రోజుల్లో తిరిగి వెళ్తారు. నాకు పులిహోర, పప్పు తెచ్చారు. నేనూ ఫణీ వంటింట్లో కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నాం. ఆవిడ కాళ్ళు కడుక్కుంటానని లేచారు. పావుగంటకు వచ్చి, ఇక వెళ్దాం పద అన్నారు. సాగనంపడానికి వాళ్ళ వెనకే గరాజ్‌లోకి వెళ్ళాను.

పుర్రె నుదురంతా పసుపు. నీళ్ళలో కలిపి చిక్కగా పూశారు. కళ్ళ గుంటల మధ్య కుంకుమ బొట్టు.

"ఎవరు చేయమన్నారు మిమ్మల్ని?"

"దోషం పోతుంది నాన్నా. పసుపు రాస్తే శాంతిస్తుంది. నీ మంచికే కదా."

"నా మంచి మీరు చూడక్కర్లేదు. దాని కూర మీరు రెండుసార్లు తిన్నారు, గుర్తుందా?"

"రేయ్ సురేశ్, పెద్దావిడరా" అన్నాడు ఫణి.

"తెలుసు. నువ్వు మూడుసార్లు తిన్నావు."

ఆవిడ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ నా వైపు చూడకుండా అన్నారు. "తిన్నాను నాన్నా. అందుకే నాకూ భయం."

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఇంకా ఏమేమో అన్నాను. వాళ్ళు వెళ్ళాక గరాజ్ తలుపు కోడ్ మార్చేశాను. అంతవరకూ అది ఫణికి తెలుసు.

ఎండిన ఎముక పసుపును ఎలా పీల్చుకుంటుందో ఎవరూ ఊహించలేరు. తుడిస్తే పైపొడి, కుంకుమ పోయాయి. లోపలి పసుపు పోలేదు. ఆ కోపంలో నేను ఇంకో తప్పు చేశాను. సబ్బు, బేకింగ్ సోడా వేసి రుద్దాను. పసుపు బట్టకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మన ఇళ్ళలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా చేశాను. నుదురంతా రక్తం కారినట్టు ఎర్రగా అయింది. గరాజ్ నేల మీద కూర్చుండిపోయాను. నీళ్ళతో కడగ్గా కడగ్గా ఎరుపు తగ్గి మళ్ళీ పసుపు తేలింది.

ఎండలో పెడితే పసుపు మరక వెలిసిపోతుంది, అదీ తెలుసు. ఆ వారమంతా వాన. ఆ తర్వాత ఎండలో పెట్టడానికీ, క్రీమ్ డబ్బా తెరవడానికీ నాకే చేతులు రాలేదు. ఒక అట్టపెట్టెలో పుర్రెను పెట్టి, పక్కన ముక్కు ఎముకల డబ్బా పెట్టి, కసిగా చుట్టూ టేప్ వేశాను. అవసరానికి మించి ఐదారు చుట్లు వేశాను. గరాజ్‌లో పై అలమరలో పడేశాను. మా గరాజ్‌కి కిటికీ లేదు. అక్కడికి ఎండ రాదు.

మే మూడో వారంలో డెనిస్‌కి ఫోన్ చేసి, పని పాడైందని, ఇవ్వలేకపోతున్నానని చెప్పాను. పసుపు గురించి చెప్పలేదు. చెప్పినా ఎలా చెప్పాలో తెలియలేదు. ఎందుకని ఆయన అడగలేదు. మనుషులకు చేతనైనంతే చేతనవుతుంది అన్నాడు. ఫోన్ పెట్టేశాక నీరజ మాట తప్పించింది నేనే అని నాకు స్పష్టంగా తెలిసింది.

మర్నాడు ఆఫీస్ పని మీద టెక్సస్‌లో ప్లేనోకి వెళ్ళాను. సోమవారం ఉదయం వెళ్ళి శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చాను. బయల్దేరేముందు చేసిన పనులు నాకు గుర్తున్నాయి. చెత్త బండి వచ్చి వెళ్ళాక డబ్బాను లోపలికి లాగాను, ఖాళీగా ఉంది. బ్యాగ్ కోసం అలమర దగ్గరికి వెళ్ళినప్పుడు క్రీమ్ డబ్బా చూశాను, మూత మీది సీల్ అలాగే ఉంది. చూశానని నాకు నమ్మకం. ఫోటో లేదు.

శుక్రవారం వచ్చాక, మరకతోనైనా సరే పుర్రెను డెనిస్‌కి ఇచ్చేద్దామనిపించింది. తీసుకుంటాడో, పారేస్తాడో ఆయన ఇష్టం. పెట్టె దించాను. నా టేప్ చుట్లు అలాగే ఉన్నాయి. కత్తితో కోశాను.

పుర్రె తెల్లగా ఉంది.

సుద్దలా కాదు, కోడిగుడ్డు పెంకులాంటి తెలుపు. నుదుటి మీద పసుపు జాడ లేదు. కొమ్ముల మొదళ్ళ నుంచి పైదాకా వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద టేప్ వేసి ఉంది. నేను చుట్టలేదు. ఎడమ కంటి గుంటలో కొంచెం క్రీమ్ ఎండి అట్ట కట్టి ఉంది. ముక్కు ఎముకలు రెండూ అతికించి ఉన్నాయి, ఒకటి కొంచెం వంకరగా. చిన్న డబ్బా ఖాళీ.

టేప్ విప్పబోయి ఆగిపోయాను. నీరజ దేనికి టేప్ వేసినా చివర కొంచెం లోపలికి మడిచి వదిలేది, మళ్ళీ తీసేటప్పుడు గోరుతో వెతుక్కోకుండా. నేను ఎప్పుడూ అలా చేయను, ఆ విషయం మీద ఆమె నన్ను తిట్టేది కూడా. ఆ రెండు కొమ్ముల మీదా టేప్ చివరలు మడిచి ఉన్నాయి. పెట్టె బయట నేను వేసిన టేప్ చివరలు అతుక్కుపోయి ఉన్నాయి.

అలమర దగ్గరికి వెళ్ళాను. క్రీమ్ డబ్బా సీల్ లేదు, సగం ఖాళీ. పక్కన బ్రష్ కడిగి, కుచ్చు పైకి వచ్చేలా గ్లాసులో నిలబెట్టి ఉంది. చెత్త డబ్బా తెరిస్తే అడుగున రెండు రబ్బరు గ్లోవ్స్, లోపలి వైపు బయటికి తిరగేసి. చిన్న సైజువి. నా చేతికి వేసుకుని చూశాను. వేళ్ళ మొదటి కణుపు దాటలేదు.

నాకు భయం వేయలేదు. ఇది నిజం. నాకు ఒళ్ళు మండింది. గరాజ్ మధ్యలో నిలబడి పైకే అరిచాను.

"దీనికి టైమ్ దొరికిందా నీకు?"

మూడు నెలలు. ఒక్క కల రాలేదు. ఒక్క పూట ఆ ఇంట్లో ఆమె ఉన్నట్టు అనిపించలేదు. నేనన్న ఆఖరి మాట మనసులో పెట్టుకోలేదని ఏదైనా గుర్తు వస్తుందేమోనని ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. ఎవరో ముసలాయనకిచ్చిన మాట కోసం ఇంత పని జరిగింది. నాకోసం ఒక చీటీ ముక్క లేదు. పెట్టెలో వెతికాను. నోట్‌బుక్‌లో పేజీ పేజీ తిప్పాను. ఏమీ లేదు.

కోపం కొంచెం దిగాక మామూలు కారణాలు వెతకడం మొదలుపెట్టాను. గరాజ్ తలుపు ఫోన్ యాప్‌తో కలిపి ఉంటుంది. నేను లేని ఐదు రోజుల్లో అది ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ముందు తలుపు తాళం నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఫణికి ఫోన్ చేసి అడిగాను.

"నీకేమైనా పిచ్చా? కోడ్ మార్చింది నువ్వేగా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అన్నం తింటున్నావా?" అని అడిగాడు.

తర్వాతి వారంలో, నేను మామూలుగా వెళ్ళే డాక్టర్‌ని కలిశాను. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఒక్కోసారి ఏదో పని చేసి మరిచిపోతారని ఆయన మర్యాదగా చెప్పాడు. నేను కూడా అదే అనుకోవాలని చూశాను. నేనే ఎప్పుడో పెట్టె తెరిచి, క్రీమ్ పూసి, మళ్ళీ అలాగే టేప్ వేసి మరిచిపోయి ఉండొచ్చు. కానీ ఆ క్రీమ్ చర్మానికి తగిలితే తెల్లగా కాలుతుంది. నా చేతుల మీద అలాంటి మచ్చ ఏదీ లేదు. గ్లోవ్స్ నాకు పట్టవు. చెత్త డబ్బా నేను వెళ్ళేటప్పుడు ఖాళీ. డాక్టర్ ఇవన్నీ విని రాసుకున్నాడు.

ఆ శనివారమే మే ఆఖరి శనివారం, ఉదయాన్నే డెనిస్ దగ్గరికి వెళ్ళాను. ఇంటి ముందు ట్రక్కు, వరండా నిండా పెట్టెలు. నేను కారులోంచి పుర్రె తీసి ఇస్తే రెండు చేతులా పట్టుకున్నాడు. కొమ్ముల కొనలు ఒక్కొక్కటీ బొటనవేలితో తడిమాడు. ఆయన కిటికీలోంచి చూసినప్పుడు ఎడమ కొమ్ము కొన కొంచెం విరిగి ఉండేదట, అది వెతికి పట్టుకుని చిన్నగా నవ్వాడు. తర్వాత వంకరగా అతికిన ముక్కు ఎముక మీద వేలు పెట్టి ఆగాడు.

"ఇది ఎవరు చేశారు?" అని అడిగాడు. తప్పు పట్టడానికి కాదు, ఊరికే.

ఆరు వారాలు బకెట్ నీళ్ళు మార్చింది నేను. వాసన భరించింది నేను. అందరితో గొడవ పడింది నేను. అయినా నోటికి వేరే మాట రాలేదు.

"నీరజ" అన్నాను.

ఆయన తల ఊపాడు. అది అబద్ధమో నిజమో చెప్పినవాడికే తెలియదని ఆయనకు తెలియదు. పుర్రెను ట్రక్కులో సామాన్లతో పెట్టనివ్వలేదు. కూతురి కారులో ముందు సీట్లో దుప్పటి పరిచి పెట్టి, సీట్ బెల్ట్ వేశాడు. తాను వెనక కూర్చున్నాడు. వాళ్ళు వెళ్ళాక ఖాళీ పొలం ముందు నిలబడ్డాను. అడవి అంచున చెట్లకు కొట్టేయడానికి గుర్తుగా నారింజ రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

ఇండియాకి వెళ్ళిపోయిన ఫణి వాళ్ళమ్మగారికి జూన్‌లో ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆవిడ ఏడ్చారు. పుర్రె ఏమైందని అడిగారు. తెల్లగా అయింది, ఇచ్చేశాను అన్నాను. పసుపు శాంతి చేసిందని ఆవిడ నమ్మకం. ఫణి నేనే చేసి మరిచిపోయానంటాడు. మిగతావాళ్ళు నీరజ ఆత్మ ఇంకా గరాజ్‌లోనే ఉందని చెప్పుకుంటున్నారు. ఉసురు తగిలిందన్న నోళ్ళే ఇప్పుడు ఆత్మ అంటున్నాయి. వాళ్ళకు ఏదో ఒకటి తెలియాలి.

నాకు ఏదీ తెలియదు. ఎన్నిసార్లు ఆలోచించినా ఆ ఐదు రోజుల లెక్క తేలడం లేదు. ఆమె వచ్చిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. రాలేదని అంటే ఇంకా ఎక్కువ మండుతుంది.